కప్పు చూసే చెయ్యి

లాంప్‌రూంల నాది మూడో కిటికి.
మొదటి షిఫ్టుకు నూటపన్నెండు దీపాలిస్త,
రెండు గంటలకు నూటపన్నెండు తిరిగి తీసుకుంట.
ఒక్కటి ఆలస్యమైతే చాలు
నాకు తెల్వకుండనే నా కుడిచెయ్యి
బల్ల మీద కొడుతుంటది
టక్, టక్... టక్.

గట్టయ్య మామ ఒకపారి చూసి
"సమ్మయ్య చెయ్యి గిది" అన్నడు.
అని, మొకం అటు తిప్పుకున్నడు.

నా పెనిమిటి టింబర్‌మన్.
బల్లార్షాల మనుషులకు నాలుగు భాషలు,
బాయిల కప్పుకు ఒక్కటే భాష, అనేటోడు.
కడ్డీతోని పైకి కొట్టాలె,
రెండో అరచెయ్యి రాయికి ఆనిచ్చి వినాలె.
ఖంగుమంటే గట్టిది, కింద కూసోని బువ్వ తినొచ్చు.
డబ్బుమంటే డొల్ల.
డొల్ల కింద నిలబడి ఆలోచన చెయ్యొద్దు.

ఆ దినం ఎవ్వలు కొట్టి చూసిండ్రో
చూసిండ్రో, లేదో.
కాయితంల మాత్రం "చూసినం" అని ఉన్నది.

ఆయన నౌకరి నాకిచ్చిండ్రు. సంతకం పెట్టిన.
పేపర్ మిల్లు వాసనకు అలవాటైనట్టే
దానికీ అలవాటైన.
రెండేండ్లు కండ్లల్ల చుక్క లేదు.
ఒక్క క్వార్టర్ స్లాబు కిందనే పండుకోలేకపోయిన.
మంచం వాకిట్లకు గుంజుకునేదాన్ని.
వాన పడ్డ రాత్రులు
గొడుగు పట్టుకోని తెల్లారేదాక కూసునేదాన్ని.
పక్కింటోళ్లు దయ్యం పట్టిందన్నరు.
పట్టింది స్లాబు.

కంపెనీ దవాఖాన వరండాల
బీపీ బల్ల పక్కన కుర్చేసింది మేశ్రామ్ సిస్టరు.
"మదునాతాయీ, రెండు వేళ్లు చాలు" అన్నది.
ముందు అరచేతి పక్కన, చిటికెనవేలు దిగువకు.
తర్వాత కనుబొమ్మ మొదలు, కంటి కొస, కంటి కింద,
ముక్కు కింద (ఆడ నవ్వచ్చింది),
గదుమ, మెడ కింది బొక్క.
కొట్టుకుంట ఒక మాట అనాలె:
భయమైతున్నది,
అయినా గని నాకు నేనున్న.
ఆమె "తరీ పణ్" అంటది, నేను "అయినా గని" అంట.

"గింత దానికే పోతదా సిస్టర్?"
"పోదు. మనిషి తిరిగి రాడు.
ఊపిరి ఒకటి ఇంకొంచెం కిందికి దిగుతది.
గోలీలు మాత్రం బంద్ చెయ్యకు."

మొదటి వారం తలుపు చెక్కను కొట్టినట్టే ఉన్నది.
రెండో వారం పోలేదు, కందిపప్పు తేవాలె అని సాకు.
మూడో వారమో ఏమో
మెడ కింది బొక్క మీద కొడుతుంటే
రొమ్ముల డబ్బుమన్నది.

ఆ సప్పుడు నాకు తెలుసు.
లేచి ఉరకబోయిన.
"సిస్టర్, ఈడ డొల్లున్నది."
ఆమెకు డొల్ల తెల్వదు. "పోకళ్?" అని అడిగింది.
అవును, పోకళ్.
అయితే ఆడనే కొట్టు అన్నది, మెల్లగ.

అప్పుడు ఏడ్చిన.
వరండాలున్నోళ్లు సమ్మయ్య కోసమనుకున్నరు.
కాదు.
"చూసినం" అన్న మాట కోసం,
దాని కింద సున్న చుట్టిన సంతకం కోసం,
గొడుగు కింద నా మోచెయ్యి గుంజిన రాత్రుల కోసం.

ఇప్పుడు వారంల నాలుగొద్దులు లోపలనే పంటున్న.
మిగిలిన మూడొద్దుల లెక్క ఎవ్వలికీ చెప్ప.

మొన్న గట్టయ్య మామకు రిటైర్మెంట్.
ఆఖరి దీపం కిటికీల పెట్టిండు, పోతలేడు.
ఎనుక లైనుల పోరగాండ్లు తోస్తున్నరు.
"కోడలా, ఆ దినం నేను కొట్టి చూడలె.
టైం లేదన్నరు. సంతకం పెట్టిన."

నా చెయ్యి బల్ల మీద లేచింది.
ఎందుకు లేచిందో నాకే తెల్వదు,
ఆయన చెంప దగ్గరనే ఉన్నది.
ఆయన జరుగలేదు.

చానాసేపటికి ఆయన అరచెయ్యి పట్టి పక్కకు తిప్పిన,
బొగ్గు ఇంకిన గీతలు,
చిటికెనవేలు దిగువకు చూపెట్టిన.
"ఈడ కొట్టు మామా.
కొట్టుకుంట, అయినా గని, అను."

"అయినా గని" అన్నడు.
తర్వాతి మాట ఆయనకు రాలె.
నేనూ అందియ్యలె.
కిటికీల ఆయన దీపం ఇంకా వెలుగుతనే ఉన్నది,
బంద్ చేసుడు ఇద్దరం మర్చిపోయినం.